జిగురు పెట్టిన గురువారం

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరైన ఇన్నేళ్ళ తర్వాత ఇవాళ్టి దాకా నేను డైరీ రాయని రోజు లేదు. అందులో గొప్పేమీ లేదు, పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు. ఆ డైరీలన్నీ ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా గరాజ్‌లో, సంవత్సరాల వారీగా, ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి. ఈ దేశంలో కొత్తగా ఇంజనీరు పనిలో చేరిన మన పిల్లలు ఆదివారాలు ఇంటికి వచ్చి, "అంకుల్, ఏదైనా అడ్వైస్ ఇవ్వండి" అంటుంటారు. నా దగ్గర సలహాలు పెద్దగా లేవు. ఒక పేజీ ఉంది. ఆ పేజీ ఒక దేశంలో ఒక మంత్రి పదవిని నిలబెట్టింది. దాన్ని పద్నాలుగేళ్ళపాటు జిగురు పెట్టి మూసి ఉంచినవాణ్ణి నేనే కాబట్టి, ఆ సంగతి చెప్పాల్సింది కూడా నేనే.

ముందు నా డైరీ పద్ధతి చెప్పాలి. అందులో ఎవరి పేర్లూ ఉండవు. నా మొదటి ఉద్యోగం గోదావరి జిల్లాలో ఒక సర్కారు ఆఫీసులో. ఒకరోజు బల్ల మీద మరిచిపోయిన నా డైరీని మా పై అధికారి తీసి, తన గురించి నేను రాసిన నాలుగు వాక్యాలను టీ వేళ అందరి ముందూ చదివాడు. చదివి, "అక్షరదోషాలు లేవోయ్, సంతోషం" అన్నాడు. మర్నాటి నుంచి నా డైరీలో మనుషుల పేర్లు పోయి మారుపేర్లు వచ్చాయి. ఆ అధికారి "గొడుగు" అయ్యాడు. మెల్‌బోర్న్ వచ్చాక కూడా అదే అలవాటు సాగింది.

ఇక్కడ నేను ఎక్కువకాలం పనిచేసింది చిన్న ఊళ్ళకు నీటి పైపులైన్లు వేసే ఒక చిన్న కంపెనీలో. ఇప్పుడా కంపెనీ లేదు, దాని యజమానీ లేడు. అక్కడికి ఒక ఏడు పెరూ దేశం నుంచి వచ్చిన ఒక మహిళా ఇంజనీరు చేరారు. ఇక్కడే క్లేటన్‌లో పై చదువు ముగించి, సైట్ ఇంజనీరుగా వచ్చారు. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, హోదాలో ఒక మెట్టు పైన. వాళ్ళ దేశంలో ఇంజనీరును పేరు పెట్టి పిలవరట, మన దగ్గర ఏఈ గారు, డీఈ గారు అన్నట్టు ఉద్యోగం పేరుతోనే పిలుస్తారట. మొదటి రోజే నన్ను "ఇన్హెనియేరో" అన్నారు. అందరూ "మేట్" అని పిలిచే చోట చాలా ఏళ్ళ తర్వాత ఒకరు నన్ను గారు అన్నట్టనిపించింది. నేను కూడా ఆవిడను "ఇంజనీర్ గారూ" అనేవాణ్ణి. ఆవిడకు ఆ "గారు" నచ్చి, దాని అర్థం అడిగి మరీ తెలుసుకున్నారు.

డైరీలో మాత్రం ఆవిడ పేరు "యా గారు". ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ "యా, యా" అనడం ఆవిడ అలవాటు. స్పానిష్‌లో ఆ మాటకు చాలా అర్థాలున్నాయట. ఆవిడ ఎక్కువగా వాడేది "వింటున్నాను, చెప్పు" అని. మనం ఫోన్లో "ఊఁ, ఊఁ" అంటాం చూడండి, అలా. ఆస్ట్రేలియావాళ్ళ చెవిలో మాత్రం అది "అవును" అని పడుతుంది.

నాకూ ఒక జబ్బుంది. "ఓకే, ఓకే" అంటాను. అది మన "సరే సరే"కి తొడిగిన ఇంగ్లీషు చొక్కా. పై అధికారి ఏం చెప్పినా ముందు సరే అనేసి, ఆయన అటు తిరిగాక ఆలోచించుకోవడం మా ఆఫీసులో నేర్చిన విద్య. అక్కడ "సరే" అంటే మీరన్నది నా చెవిన పడింది అని మాత్రమే. ఒప్పుకున్నానని ఎవరూ అనుకోరు, గొడుగుతో సహా.

ఇక ఆ గురువారం. మార్చి నెల. మెల్‌బోర్న్‌కు పడమరగా మూడు గంటల దూరంలో ఒక చిన్న ఊరు. కొత్త పైపులైన్‌లోకి మొదటిసారి నీళ్ళు వదలాలి. లైను పల్లపు చోట బురద వదిలేందుకు ఒక తూము ఉంది, దాని మూత ఇంకా బిగించలేదు. ఆ తూము పక్కనే ఊరి క్రికెట్ గ్రౌండ్. శనివారం అక్కడ ఫైనల్.

యా గారు అయిదు కిలోమీటర్ల అవతల లైను చివర ఉన్నారు. ట్యాంకు దగ్గర వాల్వు చక్రం పట్టుకుని మా ఫోర్‌మన్, పక్కన నేను. ఫోర్‌మన్ ఫోన్లో, "నేను తెరిచేస్తున్నా, సరేనా?" అన్నాడు. ఆవిడ "యా, యా…" అనడం నాకూ వినిపించింది. ఆ తర్వాత ఇంకేదో అంటున్నారు. ఫోర్‌మన్ అప్పటికే ఫోన్ చెవి నుంచి తీసేశాడు.

"షీ సెడ్ యెస్. వీ గుడ్, మేట్?" అని నన్నడిగాడు.

"ఓకే, ఓకే" అన్నాను.

నా ఉద్దేశం, విన్నాను, ఉండు, జాబితా చూస్తాను అని. నీళ్ళు వదిలే ముందు చూసుకోవాల్సిన పనుల జాబితా నా చొక్కా జేబులోనే ఉంది. నేనే రాసినది. మూడో వరుసలో ఉంది, తూము మూత బిగించలేదని. నా చెయ్యి జేబులోకి వెళ్ళేలోపల చక్రం తిరిగిపోయింది. జాబితా తీసి చదివేసరికి అది మూడు చుట్లు తిరిగింది. "ఆపు" అని నేను అరవలేదు. ఓకే అని చెప్పిన నోటితో వెంటనే కాదనడానికి మొహమాటపడ్డాను. యా గారు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్నా, నీళ్ళ హోరులో ఫోర్‌మన్‌కు వినపడలేదు. ఊళ్ళోంచి ఎవరో కారులో వచ్చి చెప్పాక గాని వాల్వు మూయలేదు. మేం వెళ్ళి చూస్తే గ్రౌండ్‌లో చీలమండ లోతు నీళ్ళు. పిచ్ ఎక్కడుందో కూడా తెలియలేదు. రెండు బాతులు అప్పుడే దిగి ఈదుతున్నాయి.

నేను పుట్టిన దేశం ఏదో మీకు తెలుసు. ఇల్లు మునిగితే తట్టుకుంటాను గాని, ఫైనల్‌కు రెండు రోజుల ముందు పిచ్ మునిగితే తట్టుకోలేను.

శుక్రవారం సాయంత్రం క్రికెట్ క్లబ్ హాల్లో ఊరు ఊరంతా కూర్చుంది. క్లబ్ అధ్యక్షురాలు డెబ్భై దాటిన రైతు, భుజం మీద కప్పులు తుడిచే తువ్వాలుతో నిలబడి ఉంది. "పరికరంలో లోపం అని చెప్పండి, అంతకు మించి ఒక్క మాట వద్దు" అని మా యజమాని ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

"సో, హూ డిడ్ ఇట్?" అంది అధ్యక్షురాలు.

యా గారు లేచారు. "నేను" అన్నారు. తన భాషలో యా అంటే ఏమిటో, ఇక్కడ ఎలా వినిపిస్తుందో, తను మూత సంగతి చెప్పేలోపల ఏం జరిగిందో వివరించారు. "ఆ మాట నాది. తప్పు నాది" అన్నారు.

వెనక బెంచీ నుంచి ఎవరో, "సో ఇట్ వజ్ ఎ యా-నా, లవ్?" అన్నాడు. ఇక్కడివాళ్ళు కాదు అనబోయే ముందు ఒక అవును అంటారు. "యా, నా" అంటే కాదని అర్థం. లవ్ అన్నది మన "అమ్మా" లాంటి పిలుపు. హాలంతా ఘొల్లుమంది. ఆవిడా నవ్వారు.

నేను ఆ పక్క కుర్చీలోనే కూర్చున్నాను. లేచి "ఓకే అన్నది నేను" అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆవిడే తర్వాత ఏం చేయాలో మొదలుపెట్టేశారు గనక ఇక నా అవసరం లేదని సర్దిచెప్పుకున్నాను.

ఆవిడ చేసిన పని ఇది. స్కోరు రాసే బోర్డు తెప్పించి, ఏం కావాలో ఒక్కొక్కరిని అడిగారు. పంపులు, ఇసుక, రోలర్, రెండు ట్రాక్టర్లు. ప్రతిదీ రాసి, చెప్పినవాళ్ళకు తిరిగి చదివి వినిపించారు. "మీరన్నది ఇదేనా?" వాళ్ళు అవునంటేనే తర్వాతి మనిషి దగ్గరికి. ఒక ముసలాయన మూడుసార్లు దిద్దించాడు. మూడుసార్లూ దిద్దారు. తిడదామని వచ్చిన ఊరు ఆ బోర్డు చూస్తూ పనులు పంచుకోవడం మొదలుపెట్టింది. ఈవిడ పైపులైన్ల దగ్గర ఎక్కువకాలం ఉండదని నాకు ఆ సాయంత్రమే అనిపించింది. డైరీలో అలాగే రాశాను.

ఫైనల్ ఆదివారానికి వాయిదా పడింది. అవుట్‌ఫీల్డ్ చిత్తడి చిత్తడిగానే ఉంది. ఆ తడి పిచ్ మీద ఆ ఊరి స్పిన్నర్, అంతవరకూ ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక పోస్ట్‌మన్, బంతిని పాములా తిప్పాడు. ఎదుటి జట్టు టీ వేళకు ముందే చాప చుట్టేసింది. మమ్మల్ని తరమడానికి చూసినవాళ్ళే మాంసం కాల్చే బార్బెక్యూ పొయ్యి దగ్గరికి పిలిచి చేతిలో ప్లేట్లు పెట్టారు.

అక్కడే యా గారు నన్ను, "ఇన్హెనియేరో, మీ డైరీ తెరవండి. గురువారం పేజీ" అన్నారు. పేజీలో పై సగం నా తెలుగు, కింది సగం ఖాళీ. ఆ ఖాళీలో స్పానిష్‌లో రెండు వాక్యాలు, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశారు. ఈ పైపులైన్‌కు సైట్ ఇంజనీరుగా ఉన్న నేను అన్న "యా" వల్ల ఈ గ్రౌండ్ మునిగింది. ఇకమీదట విన్న మాటను తిరిగి చెప్పకుండా ఏ పనికీ ఒప్పుకోను. కింద పూర్తి పేరు, సంతకం, తేదీ. అధ్యక్షురాలు అది చదివి, "మా ఊరికి వచ్చిన వరదల్లోకెల్లా మంచి వరద" అని రాసి, తనూ సంతకం చేసి, లోపలికి వెళ్ళి క్లబ్ రబ్బరు స్టాంపు తెచ్చి ఠప్పున కొట్టింది.

పై సగంలో ఏముందో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలుగు గదా. అందులో బాతుల సంగతి తర్వాత ఇలా ఉంది: "యా గారు యా అన్నారు. కానీ చక్రం తిరిగింది నేను ఓకే అన్నాక. జాబితా నా జేబులో ఉంది. ఆపమని అనలేదు."

ఊరు క్షమించింది గాని కంపెనీ క్షమించలేదు. యజమాని చెప్పమన్న మాట చెప్పనందుకు ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. విచారణ కాగితంలో తప్పు ఆవిడ ఒక్కరి మీదే ఉంది. నన్నడిగినప్పుడు నేను వాల్వు దగ్గర ఉన్నానని మాత్రం చెప్పాను. ఆవిడ దేశానికి విమానమెక్కిన రోజున ఇంటికి వచ్చి, గురువారం పేజీని శుక్రవారం పేజీకి జిగురుతో అతికించేశాను. డైరీలో పేజీ చింపడం నా పద్ధతి కాదు. మూయడం కూడా పద్ధతి కాదని అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత ఏటా కొత్త సంవత్సరానికి ఆవిడ నుంచి నాలుగు వాక్యాల మెసేజ్ వచ్చేది. తమ కొండ ఊళ్ళో నీటి సంఘం. తర్వాత ఊరి మేయరు. తర్వాత దేశ చట్టసభలో సభ్యురాలు. రెండేళ్ళ కిందట నీటి పనులు చూసే మంత్రి. ప్రతి ఊళ్ళోనూ బోర్డు పెట్టి, జనం అడిగింది రాసి, తిరిగి చదివి వినిపించే మంత్రి అని అక్కడి పేపర్లలో బొమ్మలు వేసేవారట. ఒక కార్టూన్ నాకూ పంపారు. బోర్డు ఆవిడకంటే పొడుగ్గా ఉంది.

పోయినేడు ఒక ఉదయం, నేను మొక్కలకు నీళ్ళు పోస్తుండగా ఫోన్ మోగింది.

"ఇన్హెనియేరో, నా పదవి పోయేట్టుంది" అన్నారు.

సంగతి చిన్నదే. ఆస్ట్రేలియాలో సైట్ ఇంజనీరుగా చేశానని ఆవిడ ఎన్నికల పత్రంలో రాసుకున్నారు. అదంతా అబద్ధం, అక్కడ చదువుకుని వచ్చేసిందంతే అని ఎదుటి పక్షం సభ్యుడు ఒకాయన ఆరోపించాడు. ఆరు రోజుల్లో సభ ముందు రుజువు చూపాలి, ఆ వెంటనే ఆవిడను మంత్రి పదవి నుంచి తొలగించాలా వద్దా అని ఓటింగు. కంపెనీ లేదు, యజమాని లేడు, ఫోర్‌మన్ కూడా పోయాడు. పన్ను ఆఫీసు నుంచి కాగితం రావడానికి నెల పడుతుంది. పైగా అందులో హోదా ఉండదు.

"మీ డైరీలు ఉన్నాయి కదా?" అన్నారు.

"ఉన్నాయి. ఏడాదిన్నర, ప్రతిరోజూ ఉన్నారు మీరు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

వేరే ఊళ్ళో ఉండే స్నేహితుడొకాయన ఒక అనువాదకురాలి పేరు చెప్పాడు. కర్నూలు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం, మాకు ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటున్నారు, సర్కారు గుర్తింపు ఉన్న ఆవిడ. డైరీ పట్టుకుని వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఇరవై పేజీలు తిరగేసి నా వంక చూసింది.

"అంకుల్, ఈ యా గారు ఎవరు?"

"ఆవిడే మంత్రి."

"అట్లని యాడ రాసినారు?"

"ఎక్కడా రాయలేదమ్మా. నేను పేర్లు రాయను. నువ్వు అనువాదంలో పేరు పెట్టెయ్యి."

"లేనిది పెట్టేకి కాదు అంకుల్. యా గారు అని ఉంటే యా గారు అనే రాస్తా. గొడుగు అని ఉంటే అంబ్రెల్లా అని రాస్తా. అక్కడి సభలో అంబ్రెల్లాను మంత్రి చేసినారా అని అడిగితే నాకు తెలీదు."

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ, తలెత్తకుండా, "క్లబ్బు స్టాంపు కొట్టిన పేజీ ఉండాలి కదండీ. మీరు జిగురు పెట్టింది" అంది.

"నీకెలా తెలుసు?"

"నా గాజుల డబ్బా అతికించుకోవడానికి దాచుకున్న జిగురంతా అయిపోయింది ఆ రోజు. మర్చిపోతానా?"

ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, ఆవిరి మీద ఆ రెండు పేజీలనూ మా ఆవిడే పట్టుకుంది. పావుగంటకు గురువారం మెల్లగా శుక్రవారాన్ని వదిలింది. సంతకం, పేరు, స్టాంపు అన్నీ చెక్కుచెదరలేదు. పై సగంలో నా అక్షరాలు కూడా.

మళ్ళీ కర్నూలు ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "కింది సగం ఇంగ్లీషులోనే ఉందమ్మా. పైది అవసరం లేదు. కింది సగం నిజమైన నకలేనని ధ్రువీకరించి సంతకం పెట్టు, చాలు" అన్నాను.

ఆవిడ పై సగం చదివింది. అర్థమైందని ముఖంలో తెలిసింది. "పేజీ అంటే పేజీ, అంకుల్. సగం దాచి సంతకం పెట్టేకి నాతో కాదు. మీకు ఇష్టం లేకపోతే తీసుకపోండి. నేనేం అనుకోను."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. రోడ్డుకు అవతల ఒకాయన లాన్ కోస్తున్నాడు. ఆయన మొత్తం కోసేసి, మెషీన్ లోపల పెట్టేదాకా చూశాను. క్లబ్ హాల్లో లేవని ఆ లేవడం నాకు ఇంకా బాకీ ఉందని అనిపించింది. కారు దిగి, తలుపు తట్టి, "మొత్తం చెయ్యమ్మా" అన్నాను.

"సరే అంకుల్, టీ తాగిపోండి" అంది.

పేజీ నకలూ అనువాదమూ పంపిన మర్నాడు ఉదయం పదింటికి ఫోన్.

"పద్నాలుగేళ్ళు" అన్నారు యా గారు.

"అవును."

"మీరు చెప్పి ఉంటే నేను అక్కడే ఉండేదాన్నేమో."

"అవును" అన్నాను మళ్ళీ.

ఆవిడ మెల్లగా నవ్వారు. "ఉండి ఉంటే ఈపాటికి ఏ తూము మూతో బిగిస్తూ ఉండేదాన్ని. వినండి, ఇన్హెనియేరో. పై సగం సభలో చదవనా, వదిలేయనా? మీ పేరు బయటికి వస్తుంది."

"నేను విన్నది చెబుతాను" అన్నాను. "పై సగం చదవమంటారా, వద్దంటారా అని అడుగుతున్నారు. చదవండి. మొత్తం చదవండి."

సభ వాళ్ళకు సాయంత్రం నాలుగింటికి, మాకు మర్నాడు పొద్దున ఎనిమిదింటికి. నేనూ మా ఆవిడా, పట్టుబట్టి పిలిస్తే వచ్చిన కర్నూలు ఆవిడా, ఉప్మా ప్లేట్లతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. భాష రాదు. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేటట్టు పెట్టాం, అవి సగం తప్పులు. అయినా యా గారు పేజీ పైకెత్తి చూపినప్పుడు, స్టాంపు తెర నిండా కనిపించింది. పెరూలో కూడా మన దగ్గరలాగే ముద్ర లేని కాగితం కాగితం కాదట. సభలో ఒక్కసారి గుసగుసలు.

ఆవిడ మొత్తం చదివారు. తన యా, నా ఓకే, జేబులో జాబితా, బాతులు, అన్నీ. ఆరోపణ చేసిన సభ్యుడు లేచి, ఇది ఇప్పుడు రాయించుకున్న కాగితమై ఉండవచ్చు అన్నాడు.

యా గారు కళ్ళజోడు తీశారు. "గౌరవ సభ్యులు ఆలోచించాలి. దొంగ కాగితం రాయించుకునేదాన్ని అయితే, అందులో ఇద్దరు ఇంజనీర్లు ఇంత తెలివితక్కువగా ఎందుకు ఉంటారు? ఒక ఆనకట్ట కట్టినట్టు రాయించుకుంటాను గాని, క్రికెట్ గ్రౌండ్ ముంచినట్టు రాయించుకుంటానా?"

సభ పగలబడి నవ్వింది. ఎదుటి బెంచీల్లో కూడా. ఓటింగులో ఆరోపణ చేసిన పక్షంలోంచే కొందరు చేతులెత్తి ఆవిడ వైపు వచ్చారు. తెర మీద అంకెలు పడ్డప్పుడు నాకు ఎక్కువ తక్కువలు వెంటనే అర్థం కాలేదు. కర్నూలు ఆవిడ ముందు అర్థం చేసుకుని, "గెల్చినారు అంకుల్, గెల్చినారు" అని నా భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని ఉప్మా చల్లారిపోయిందని అందరినీ కసిరింది.

ఆ ఊరి క్లబ్ అధ్యక్షురాలికి ఇప్పుడు తొంభై దగ్గర. ఫోన్ చేసి చెప్పాను. "చెప్పానుగా, మంచి వరదని" అంది. ఆ పేజీ నకలుకు చట్రం కట్టించి హాల్లో గెలిచిన కప్పు పక్కన పెట్టారట. తెలుగు భాగంతో సహా. అదేమిటని అడిగినవాళ్ళకు, అది ఇంజనీరు నిజం చెప్పిన భాగం అని చెబుతోందట.

ఆ సాయంత్రం నేను డైరీ ముందు కూర్చుంటే మా ఆవిడ పక్కకు వచ్చి నిలబడింది.

"ఇకమీదటైనా మనుషుల పేర్లు రాస్తారా?"

"సరే" అన్నాను.

"సరే అంటే విన్నాననా, రాస్తాననా?"

పెన్ను మూత తీశాను. "ఇకమీదట డైరీలో మనుషుల పేర్లు రాస్తాను" అని తిరిగి చెప్పి, ఆ రోజు పేజీలో మొదటి మాటగా యా గారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, రాశాను.